అంకె చూసి బెదరొద్దు.. ఊపిరి చూడండి

కర్ణాటకలో 2021 ఆగస్టు 23న, తమిళనాడులో సెప్టెంబరు 1న తొమ్మిది నుంచి పన్నెండు వరకు తరగతులు మొదలయ్యాయి. పిల్లల్ని మళ్లీ బెంచీల మీద చూడటం మాకు పండగలా అనిపించింది. తల్లిదండ్రుల్లో మాత్రం భయం పోలేదు. ‘మావాడికి జ్వరం వస్తే వెంటనే స్కాన్ తీయించేస్తే మంచిది కదా టీచర్ గారూ?’ అని అడిగినవారు తరచూ కనిపించారు. ఆ ఏడాది ఏప్రిల్, మే నెలల్లో చూసిన కష్టం అలాంటిది. అందుకే కరోనా తీవ్రత విషయంలో ఛాతీ స్కాన్, రక్తపరీక్షలు ఏం చెబుతాయో, ఏం చెప్పవో ఈసారి మాట్లాడుకుందాం.

సొంత రాష్ట్రం దాటి స్థిరపడిన మన ఇళ్లలో ఇంకో ఇబ్బంది కూడా ఉంది. డాక్టరు గారు కన్నడంలోనో, తమిళంలోనో, ఒడియాలోనో, మరాఠీలోనో చెబుతారు. రిపోర్టు ఇంగ్లిషులో వస్తుంది. ఇంట్లో పెద్దవాళ్లకు మాత్రం తెలుగులో వివరించాలి. రెండో దశలో ఆ పని మా ఉపాధ్యాయుల మీదే పడింది. రిపోర్టు ఫొటో తీసి పంపి ‘ఇదేంటో కాస్త చూడండి’ అన్నవారు ఎందరో. మేం డాక్టర్లం కాము, మందులు చెప్పం. కాగితం మీద ఉన్నది ఏమిటో, డాక్టరును ఏం అడగాలో చెప్పడం మాత్రం మా పనే అనుకుంటున్నాం.

ముందు ఊపిరి, తర్వాతే రిపోర్టు

జబ్బు స్వల్పమా, మధ్యస్థమా, తీవ్రమా అన్నది తేల్చేది స్కాన్ కాదు. పెద్దవారి చికిత్సకు ఎయిమ్స్, ఐసీఎంఆర్ నిపుణులు 2021 ఏప్రిల్‌లో ఇచ్చిన సూచనల్లో కొలమానాలు రెండే. ఒకటి నిమిషానికి ఎన్నిసార్లు ఊపిరి తీస్తున్నారన్నది, రెండోది రక్తంలో ఆక్సిజన్ శాతం. ఆయాసం లేకుండా, ఆక్సిజన్ తగ్గకుండా ఉంటే స్వల్పం. ఊపిరి నిమిషానికి 24 లేదా అంతకు మించినా, ఆక్సిజన్ 90 నుంచి 93 మధ్య ఉన్నా మధ్యస్థం. ఊపిరి 30 దాటినా, ఆక్సిజన్ 90 కంటే పడిపోయినా తీవ్రం.

ఈ రెండూ ఇంట్లోనే చూసుకోవచ్చు. మనిషి కుదురుగా కూర్చున్నప్పుడు గడియారం పెట్టుకుని నిండా ఒక నిమిషం లెక్కపెట్టాలి. ఆక్సీమీటరు పెట్టేముందు గోళ్ల రంగు తుడిచి, చెయ్యి చల్లగా ఉంటే వెచ్చబరిచి, అంకె నిలకడగా కనిపించేదాకా ఆగాలి.

ఆ 25 ఎక్కడిది?

‘25కి 8 వచ్చింది’ అని చెప్పుకోవడం విన్నాం. ఇవి పరీక్ష మార్కుల్లాంటివి కావు. మన కుడి ఊపిరితిత్తిలో మూడు భాగాలు, ఎడమ దానిలో రెండు భాగాలు ఉంటాయి. ఒక్కో భాగం ఎంతమేర దెబ్బతిన్నదో చూసి 0 నుంచి 5 వరకు వేస్తారు. అయిదు అయిదులు 25. మన దగ్గర సాధారణంగా 8 వరకు స్వల్పం, 9 నుంచి 15 వరకు మధ్యస్థం, ఆపైన తీవ్రం అని రాస్తున్నారు. రిపోర్టులో కనిపించే ‘గ్రౌండ్ గ్లాస్’ అంటే స్నానాల గది కిటికీకి ఉండే గరుకు గాజులా మసకగా కనిపించే మచ్చ. వాయుగోణుల్లో గాలి ఉండాల్సిన చోట వాపు, నీరు చేరితే అలా కనిపిస్తుంది.

అదే కాగితం మీద ‘కోరాడ్స్ 5’ అని ఉంటే ఇంకా కంగారు పడినవారున్నారు. అది తీవ్రత కాదు. స్కాన్ చూస్తే ఇది కొవిడ్ అని ఎంత బలంగా అనిపిస్తోందో చెప్పే అంకె. కోరాడ్స్ 5 ఉండి తీవ్రత స్కోరు 4 మాత్రమే ఉండవచ్చు. కోరాడ్స్ 6 అంటే ఆర్‌టీపీసీఆర్‌లో కొవిడ్ ముందే ఖాయమైందని అర్థం.

మూడో గందరగోళం ‘సీటీ వాల్యూ’. ఇది స్కాన్‌కు సంబంధించినదే కాదు. ముక్కు నుంచి తీసిన నమూనాలో వైరస్ ఎన్ని ఆవృతాల తర్వాత పట్టుబడిందో చెబుతుంది. దీన్నిబట్టి జబ్బు తీవ్రతను లెక్కగట్టవద్దని ఐసీఎంఆర్ చెప్పింది.

స్కాన్ ఎప్పుడు?

2020 ఫిబ్రవరిలో చైనాలోని హుబే రాష్ట్రంలో పరీక్షల కిట్లు చాలక, స్కాన్ మీద ఆధారపడి కూడా కేసులు లెక్కించారు. అలా లెక్కించిన మొదటి రోజే 14,840 కొత్త కేసులు నమోదయ్యాయి. వేరే దారి లేనప్పుడు స్కాన్ అలా అక్కరకొచ్చింది. కానీ లక్షణాలు మొదలైన రెండు మూడు రోజుల్లో తీస్తే చాలామందికి ఊపిరితిత్తులు మామూలుగానే కనిపిస్తాయి. మచ్చలు బాగా పెరిగేది సుమారు పదో రోజు ప్రాంతంలో. అంటే తొందరపడి తీయించిన స్కాన్ ‘ఏమీ లేదు’ అని చెప్పి, మనల్ని ఏమరపాటులో పడేయవచ్చు.

రేడియేషన్ మాట కూడా ఉంది. ఒక సీటీ స్కాన్ 300 నుంచి 400 ఛాతీ ఎక్స్‌రేలతో సమానమని అప్పటి ఎయిమ్స్ డైరెక్టర్ డాక్టర్ రణ్‌దీప్ గులేరియా 2021 మే 3న అన్నారు. రేడియాలజిస్టుల సంఘం కాదంది. కొత్త యంత్రాల్లో అది 5 నుంచి 10 ఎక్స్‌రేల పాటిదేనని చెప్పింది. యంత్రాన్నిబట్టి, వాడే మోతాదునుబట్టి లెక్క చాలా మారుతుంది. అయితే స్వల్ప లక్షణాలకు స్కాన్ అక్కర్లేదని గులేరియా చెప్పిన మాట ముఖ్యం. ఏప్రిల్ సూచనలు కూడా, మధ్యస్థ స్థాయి రోగి పరిస్థితి దిగజారుతుంటేనే స్కాన్ తీయమన్నాయి.

రక్తం చెప్పే కబురు

సీఆర్‌పీ అనేది ఒంట్లో వాపు పుట్టినప్పుడు కాలేయం తయారుచేసే ప్రొటీన్. న్యుమోనియాకు పెరుగుతుంది, చీము పట్టిన పంటికీ పెరుగుతుంది. డి-డైమర్ రక్తపు గడ్డ కరిగినప్పుడు మిగిలే తునక. గర్భిణుల్లో, ఆపరేషన్ అయినవారిలో, వయసు మళ్లినవారిలో కొవిడ్ లేకున్నా ఎక్కువగా ఉండవచ్చు. ఎల్‌డీహెచ్ కణాలు దెబ్బతిన్నాయని చెబుతుంది. ఫెరిటిన్ కూడా వాపుతో పాటు పెరుగుతుంది. తెల్లకణాల్లో లింఫోసైట్లు బాగా తగ్గడం జబ్బు ముదురుతోందనడానికి ఒక సూచన.

ఒక్క రోజు అంకె కంటే అది పెరుగుతోందా, తగ్గుతోందా అన్నదే డాక్టరుకు పనికొస్తుంది. అందుకే మధ్యస్థ స్థాయి రోగికి సీఆర్‌పీ, డి-డైమర్ 48 నుంచి 72 గంటలకోసారి చూడమన్నారు. ఆస్పత్రిలో వీటితో నిజమైన ఉపయోగం ఉంది. బ్రిటన్‌లోని రికవరీ ట్రయల్‌లో, ఆక్సిజన్ పడిపోయి, సీఆర్‌పీ లీటరుకు 75 మిల్లీగ్రాములు లేదా అంతకు మించి ఉన్నవారిని ఎంచుకుని టోసిలిజుమాబ్ ఇస్తే మరణాలు తగ్గాయి.

అసలు ప్రమాదం ఇంటి దగ్గరుంది. సీఆర్‌పీ కాస్త పెరిగిందని సొంతంగా స్టెరాయిడ్ బిళ్లలు మింగినవారున్నారు. అదే ట్రయల్‌లో డెక్సామెథసోన్ వెంటిలేటర్ మీద ఉన్నవారి మరణాలను మూడో వంతు, ఆక్సిజన్ అందుకుంటున్నవారి మరణాలను ఐదో వంతు తగ్గించింది. ఆక్సిజన్ అవసరం లేనివారికి మేలు కనిపించలేదు. పైగా స్టెరాయిడ్లతో చక్కెర పెరుగుతుంది. అదుపులో లేని మధుమేహం, అతిగా వాడిన స్టెరాయిడ్లు బ్లాక్ ఫంగస్‌కు దారి తీశాయని 2021 వేసవిలో డాక్టర్లు మొత్తుకున్నారు.

సరిహద్దు ఊళ్లవారికి ఇంకో మాట. యానాంలో ఒక పరీక్ష, కాకినాడలో మరొకటి, హోసూరులో ఒకటి, బెంగళూరులో ఇంకొకటి చేయించుకోవడం మనకు మామూలే. ఒక ల్యాబు సీఆర్‌పీని లీటరు లెక్కన 12 అని రాస్తే, డెసీలీటరు లెక్కన రాసే ల్యాబులో అదే 1.2 అవుతుంది. డి-డైమర్ ఒకచోట 0.5 మైక్రోగ్రాములైతే, మరోచోట అదే 500 నానోగ్రాములు. అంకె పక్కనున్న ప్రమాణం చూడకపోతే వెయ్యి రెట్లు పెరిగిందని గుండె ఆగినంత పనవుతుంది. వీలైతే ఒకే ల్యాబులో చేయించండి.

పిల్లల సంగతి

పిల్లల చికిత్సపై కేంద్ర ఆరోగ్య సేవల డైరెక్టరేట్ 2021 జూన్‌లో సూచనలిచ్చింది. ఛాతీ స్కాన్‌ను ఆచితూచి వాడాలని, చికిత్సను నిర్ణయించేది దాదాపుగా పిల్లల పరిస్థితేనని అందులో ఉంది. స్వల్ప లక్షణాలకు స్టెరాయిడ్లు హానికరమని చెప్పింది. అయిదేళ్లు దాటిన పిల్లలు నిమిషానికి 30 లేదా అంతకు మించి ఊపిరి తీస్తుంటే, ఆక్సిజన్ 94 కంటే తగ్గితే వెంటనే ఆస్పత్రికి తీసుకెళ్లాలి. పన్నెండేళ్లు పైబడినవారిని పెద్దలు దగ్గరుండి, వేలికి ఆక్సీమీటరు పెట్టి ఆరు నిమిషాలు గదిలో నడిపించి చూడవచ్చు. అంకె 94 కంటే పడినా, ముందున్నదానికంటే 3 నుంచి 5 తగ్గినా, తల తిరిగినా, ఆయాసం వచ్చినా డాక్టరు దగ్గరికి వెళ్లాలి. ఆస్తమా అదుపులో లేని పిల్లలకు ఈ నడక వద్దు.

రక్తపరీక్ష పిల్లలకు తప్పనిసరయ్యే సందర్భం ఒకటుంది. కరోనా వచ్చి తగ్గిన రెండు నుంచి ఆరు వారాల తర్వాత కొందరిలో తగ్గని జ్వరం, ఒంటిమీద దద్దుర్లు, కళ్లు ఎర్రబడటం, కడుపునొప్పి, వాంతులు కనిపిస్తాయి. ఇది అరుదైనదే గానీ ప్రమాదకరం. ఎంఐఎస్-సి అంటారు. అప్పుడు సీఆర్‌పీ, డి-డైమర్, ఫెరిటిన్ చూడటంలో ఆలస్యం చేయకూడదు. ఇంట్లో ఎవరికైనా ఇటీవల కొవిడ్ వచ్చి ఉంటే తరగతి ఉపాధ్యాయులకు చెప్పి ఉంచండి. దాచుకోవాల్సిన విషయం కాదిది. నెల తర్వాత పిల్లకు జ్వరమొస్తే ఆ సంగతి మేమూ గుర్తు చేయగలం.

ఇంట్లో ఒక నోటుబుక్కు పెట్టుకోండి. జ్వరం మొదలైన తేదీ, పూటపూటా ఊపిరి లెక్క, ఆక్సిజన్ అంకె, ఇచ్చిన మందులు తెలుగులోనే రాయండి. పరీక్ష రాసిచ్చిన డాక్టరును ఒక్క మాట అడగండి: ‘దీని ఫలితాన్నిబట్టి చికిత్స మారుతుందా?’ కన్నడంలోనో తమిళంలోనో అడగడం ఇంట్లో పెద్దవాళ్లకు రాకపోతే మన పిల్లలు అడుగుతారు. రెండు భాషలు నేర్చిన పిల్లలు వాళ్లు.