ఫీజు కట్టిన తరువాత...
కలిసి పనిచేయడం, నలుగురిలో మాట్లాడడం, దారి తెలుసుకోవడం



మీరిచ్చే జకాత్, సదఖా సొమ్ముతో ఏటా ఎందరో పిల్లలకు ఫీజులు, నోటు పుస్తకాలు అందుతున్నాయి. ఉపాధ్యాయులుగా మేము ఆ లెక్కల్లో కనబడని సంగతి ఒకటి మీ ముందు పెట్టదలిచాం. పదో తరగతి తరువాత మన పిల్లలు చదువు ఆపేది డబ్బు లేక మాత్రమే కాదు. నలుగురిలో నోరు విప్పలేక, ఏ దారి ఎటు పోతుందో చెప్పేవారు లేక కూడా ఆగిపోతున్నారు. మార్కులు బాగా వచ్చిన అమ్మాయి ఇంట్లో కుట్టుమిషను ముందు కూర్చుంటుంది. లెక్కల్లో చురుకైన అబ్బాయి వేసవిలో చేరిన మెకానిక్ షెడ్డులోనే ఉండిపోతాడు. ఆ పనులు గౌరవమైనవే. కానీ వేరే దారి ఉందని తెలిసి ఎంచుకోవడం వేరు, తెలియక మిగిలిపోవడం వేరు.

బడిలో ఉన్న అవకాశం

మన రాష్ట్రంలో నిరంతర సమగ్ర మూల్యాంకనం అమలులో ఉంది. అందులోని నిర్మాణాత్మక మూల్యాంకనంలో పిల్లల భాగస్వామ్యం-ప్రతిస్పందనలు, రాత పనులు, ప్రాజెక్టు పనులు, లఘు పరీక్ష అనే నాలుగు అంశాలుంటాయి. ఒక్కోదానికి 5 చొప్పున మొత్తం 20 మార్కులు. ప్రాజెక్టు అంటే పిల్లలు జట్టుగా తిరిగి, అడిగి, తెలుసుకొని రాయవలసిన పని. తీరా జరిగేది మరొకటి. ఒకరు రాస్తే మిగతావాళ్లు చూసి ఎక్కిస్తారు. లేదంటే ఇంటర్నెట్ సెంటరులో ప్రింటు తీయించి అట్ట వేస్తారు. మార్కులు పడతాయి గానీ, కలిసి పనిచేయడం రాదు.

యునెస్కో కోసం జాక్ డెలార్ అధ్యక్షతన ఏర్పడిన కమిషన్ 1996లో ఇచ్చిన నివేదిక చదువుకు నాలుగు స్తంభాలు చెప్పింది. తెలుసుకోవడం, చేయడం, కలిసి జీవించడం, తనను తాను తీర్చిదిద్దుకోవడం. మన పరీక్షలు ఎక్కువగా మొదటిదాన్నే కొలుస్తాయి. కలిసి ఆలోచించడం మన ఇళ్లకు కొత్తేమీ కాదు. పెళ్లి మాటలైనా, మసీదు కమిటీ పనైనా మష్వరా లేకుండా మొదలుపెట్టం. అదే అలవాటు తరగతి గదిలోకి రావాలి.

ఒక టీకా సీసా వెనుక

అలియాబాద్ చౌరస్తా నుంచి రాజీవ్ రహదారి మీద కాస్త ముందుకు వెళితే తుర్కపల్లి, ఆ పక్కనే జీనోమ్ వ్యాలీ. భారత వైద్య పరిశోధన మండలితో కలిసి కోవాగ్జిన్ తయారుచేసిన భారత్ బయోటెక్ ఉన్నది అక్కడే. ఆ టీకా అత్యవసర వినియోగానికి 2021 జనవరిలో అనుమతి వచ్చింది. దీన్ని ఆధారం చేసుకొని తొమ్మిదో తరగతి పిల్లలకు ఒక ప్రాజెక్టు ఇచ్చాం. టీకా సీసా మన ఆరోగ్య కేంద్రానికి చేరేలోపు ఎవరెవరి చేతులు దాటుతుంది?

ఐదుగురికి ఒక జట్టు. ఒకరు ప్రశ్నలు అడగాలి, ఒకరు రాసుకోవాలి, ఒకరు బొమ్మలు గీయాలి, ఒకరు సమయం చూడాలి, ఒకరు తరగతి ముందు చెప్పాలి. వారం తిరిగేసరికి పనులు మారతాయి. దానివల్ల మాటకారి ఎప్పుడూ మాట్లాడడం, మౌనంగా ఉండేవారు ఎప్పుడూ మౌనంగానే ఉండడం కుదరదు.

మొదట పిల్లలు శాస్త్రవేత్త, డాక్టరు, నర్సు అని మాత్రమే రాశారు. అడుగుతూ పోయేకొద్దీ జాబితా పెరిగింది. ల్యాబ్ టెక్నీషియన్, నాణ్యత పరీక్షించేవారు, యంత్రం నడిపేవారు, ఎలక్ట్రీషియన్, లెక్కలు చూసేవారు, లారీ డ్రైవరు... ఇలాంటి టీకాను 2 నుంచి 8 డిగ్రీల చల్లదనంలో ఉంచాలి గనుక శీతల యంత్రాలు బాగుచేసేవారు కూడా.

ఒక విద్యార్థిని రాసుకున్నది

పని ముగిశాక ప్రతి ఒక్కరూ తమ నోటుబుక్కులో మూడు ప్రశ్నలకు జవాబు రాయాలి. నేనేం చేశాను? ఎక్కడ తడబడ్డాను? ఈసారి ఏం మారుస్తాను? వీటికి మార్కులు లేవు.

ఒక అమ్మాయి ఇలా రాసింది. మొదటి వారం జవాబు తెలిసినా చెప్పలేకపోయింది; తన ఉచ్చారణ విని నవ్వుతారని భయం. రెండో వారం జట్టు చల్లదనం దగ్గర ఆగిపోయింది. ఆమె తండ్రి ఫ్రిజ్‌లు బాగుచేస్తారు. ఆ మాట అంతవరకు ఎవరికీ చెప్పలేదు. ఆ రోజు చెప్పింది. ఇంట్లో తండ్రిని అడిగి వచ్చి, కంప్రెసర్ ఎలా పనిచేస్తుందో బోర్డు మీద గీసి చూపింది. ‘ఈసారి నేను మాట్లాడేటప్పుడు పక్కవాళ్లకు కూడా అవకాశం ఇవ్వాలి’ అని మూడో జవాబు. పాఠం విన్నందుకు వచ్చిన మార్పు కాదిది. చేసిన పనిని తానే వెనుదిరిగి చూసుకున్నందుకు వచ్చింది.

మూడు భాషల బలం

మన పిల్లలకు ఇంట్లో దక్కనీ ఉర్దూ, వీధిలో తెలుగు, బడిలో ఇంగ్లీషు. ప్రభుత్వ బడుల్లో 2022-23 నుంచి 1 నుంచి 8వ తరగతి వరకు ఇంగ్లీషు మీడియం మొదలైంది. పాఠ్యపుస్తకాల్లో ఒక పేజీ ఇంగ్లీషు, ఎదుటి పేజీ తెలుగు. మూడింటి మధ్య నలిగి, ఏదీ సరిగా రాదని పిల్లలు అనుకుంటారు. నిజానికి ఆసుపత్రిలో, బ్యాంకులో, కోర్టులో మూడు భాషల మనిషి విలువ ఎక్కువ. అందుకే ముందు వచ్చిన భాషలో చెప్పమంటాం, తరువాత మిగతా రెండింట్లో. ఎదుటివారు చెప్పింది తన మాటల్లో ఒకసారి చెప్పాకే జవాబివ్వాలన్నది మరో నియమం. వినడం కూడా మాట్లాడడంలో భాగమే.

దగ్గరలోనే ఉన్న దారులు

శామీర్‌పేట ప్రాంతంలో 1998లో ఏర్పడిన నల్సార్ న్యాయ విశ్వవిద్యాలయం ఉంది. 2008లో మొదలైన బిట్స్ పిలానీ హైదరాబాద్ క్యాంపస్ ఉంది. పిల్లలకు వాటి బోర్డులు తెలుసు, లోపలికి దారి తెలియదు. నల్సార్‌లో ఐదేళ్ల లా కోర్సుకు ఇంటర్‌లో ఏ గ్రూపువారైనా క్లాట్ రాయవచ్చు. బిట్స్‌కు బిట్‌శాట్ ఉంది. పదో తరగతి కాగానే డిప్లొమా కోసం పాలీసెట్, చేతిపని కోసం ఐటీఐ, ల్యాబ్ ఉద్యోగాల వైపు ఇంటర్ ఒకేషనల్‌లో ఎంఎల్‌టీ ఉన్నాయి. బాసర ఆర్‌జీయూకేటీ సీట్లు పదో తరగతి ఫలితాల ఆధారంగా ఇస్తారు. ఫలితాలు వచ్చాక పరుగెత్తితే పాలీసెట్ గడువు దాటిపోయి ఉండవచ్చు. ఈ మాటలు తొమ్మిదో తరగతిలోనే, తల్లిదండ్రులను కూర్చోబెట్టి చెప్పాలి.

మీ నుంచి కోరేది

మీలో ఫార్మసిస్టులున్నారు, కాంట్రాక్టర్లున్నారు, వకీళ్లు, దుకాణదారులు, డ్రైవర్లున్నారు. ఏడాదిలో ఒక గంట మా పిల్లల ముందు కూర్చొని, మీ పనిలోకి ఎలా వచ్చారో, ఎక్కడ కష్టపడ్డారో చెప్పండి. వీలైతే ఒక జట్టును మీ పనిచోటు చూడనివ్వండి. ఆడపిల్లల జట్టుతో ఉపాధ్యాయిని వస్తారు. ప్రవేశ పరీక్షల దరఖాస్తు రుసుము, పరీక్ష కేంద్రానికి బస్సు ఛార్జీల కోసం సొసైటీ విడిగా కొంత సొమ్ము ఉంచితే మరీ మంచిది. చిన్న మొత్తం లేక పెద్ద అవకాశం పోగొట్టుకునే పిల్లలు ప్రతి తరగతిలో ఉన్నారు.

మీ ఫీజు సహాయం పిల్లను బడి దాకా తెచ్చింది. మీ గంట సమయం ఆమెను బడి దాటిస్తుంది.