జ్ఞానదంతం తీయించుకుంటున్నారా?

పన్ను పోటు మొదలైతే మనందరి చెయ్యి ముందు పోపుల పెట్టె మీదికే పోతుంది. ఒక లవంగం తీసి పంటి కింద పెట్టుకుని, కొంగు బుగ్గకు అదుముకుని ఆ పూట వంట కానిచ్చేస్తాం. పిప్పి పన్నయితే లవంగంతో ఒకటి రెండు రోజులు గడుస్తాయి. కానీ అన్నిటికంటే చివర, దౌడ మూలన వచ్చే పన్ను సంగతి వేరు. దాన్ని జ్ఞానదంతం అంటాం. ఉర్దూ మాట్లాడే ఇళ్లలో అకల్ దాడ్ అంటారు. పేరులో జ్ఞానం ఉంది గానీ, అది వచ్చేటప్పుడు పెట్టే బాధకు ఉన్న తెలివి కూడా పోతుంది!

ఇవి మామూలుగా 17 నుంచి 25 ఏళ్ల మధ్య వస్తాయి. ఆ వయసులో మన ఆడపిల్లలు ఎక్కడుంటారో చూడండి. డిగ్రీ పరీక్షల్లోనో, పెళ్లి పనుల్లోనో, మొదటి కాన్పులోనో! పన్ను నొప్పి అని చెప్తే ‘గింత దానికేనా’ అంటారని నోరు మూసుకుని ఊరుకుంటారు.

కల్వకుర్తిలో బట్టలు కుట్టే ఒక చెల్లెలు అట్లాగే ఊరుకుంది. దసరా ముందు, చేతినిండా బ్లౌజులున్న రోజులు. వారమైనా చెప్పలేదు. చివరికి వాళ్ల అక్కతో అన్న మాటలివి: “నోరు తెర్వొస్తలేదక్కా. రెండు వేళ్లు కూడ పడ్తలేవు. బువ్వ చిన్న చిన్న ముద్దలు చేసి లోపలికి తోస్తున్న.”

నోరు తెరుచుకోకపోవడం చిన్న సంగతి కాదు సుమా! పన్ను సగం బయటికొచ్చి సగం చిగురు కిందే ఉండిపోతే, పైన చిగురు మూతలా కప్పి ఉంటుంది. దాని కింద అన్నం మెతుకులు చేరతాయి. బ్రష్ అక్కడికి అందదు. చీము పడుతుంది, దౌడ కండరాలు బిగుసుకుంటాయి. చీము కిందికి దిగి మెడ వాచిందంటే ప్రాణం మీదికే వస్తుంది. మింగడం కష్టమైనా, ఊపిరి ఆడకపోయినా, గొంతు కింద గట్టిగా వాచినా ‘పొద్దున చూద్దాంలే’ అనుకోకండి. అర్ధరాత్రయినా 108కి ఫోన్ చేసి పెద్దాసుపత్రికి పోవాల్సిందే.

ఇక మన పెరటి వైద్యాలు. పంటికి జిల్లేడు పాలు పెట్టడం, వాకుడు గింజల పొగ పట్టి ‘పురుగు’ రాల్చడం, జర్దా నూరి అదమడం... జిల్లేడు పాలతో చిగురు పుండవుతుంది, పన్ను మాత్రం అట్లాగే ఉంటుంది. పొగకు రాలేవి పంటి పురుగులూ కావు, అసలు పంట్లో పురుగే ఉండదు. గోరువెచ్చని ఉప్పునీళ్లు పుక్కిలించడం మాత్రం మంచిదే. డాక్టరు దగ్గరికి చేరేదాకా అది చేయండి.

“పన్ను పీకిస్తే కండ్లు పోతయంట గద!” ఇది ప్రతి వాడలో వినిపించే మాట. పంటి నరం వేరు, చూపు నరం వేరు. పన్ను తీయిస్తే చూపు తగ్గదు. నలభై ఏళ్లు దాటాక చత్వారమూ వస్తుంది, పళ్లూ ఊడతాయి. రెండూ ఒకే వయసులో రావడంతో దానికీ దీనికీ ముడిపెట్టారు, అంతే.

అయితే జ్ఞానదంతం కనబడగానే పీకించేయాలా? అక్కర్లేదు. నిటారుగా వచ్చి, నమలడానికి పనికొస్తూ, శుభ్రం చేసుకోవడానికి వీలుంటే దాని మానాన దాన్ని వదిలేయొచ్చు. బ్రిటన్‌లో వైద్య పద్ధతులను నిర్ణయించే నైస్ సంస్థ 2000లోనే చెప్పింది, ఏ జబ్బూ లేని జ్ఞానదంతాన్ని ముందు జాగ్రత్త పేరుతో తీయొద్దని. మాటిమాటికీ చీము పడుతున్నా, పక్క పన్ను పుచ్చిపోతున్నా, అడ్డంగా పడుకుని ముందు పన్నును నెడుతున్నా తీయించాలి. అది తేలాలంటే దౌడ మొత్తం కనబడే ఎక్స్‌రే, ఓపీజీ అంటారు, తీయించుకోవాలి. కింది పెదవికి స్పర్శనిచ్చే నరం పంటి వేర్లకు ఎంత దగ్గరగా ఉందో అందులో కనబడుతుంది.

కల్వకుర్తి నుంచి జడ్చర్ల మీదుగా మహబూబ్‌నగర్ పోతే అక్కడ దంత వైద్య కళాశాల ఉంది. హైదరాబాద్ అఫ్జల్‌గంజ్‌లో ప్రభుత్వ దంత వైద్య కళాశాల ఆసుపత్రి ఉంది. ఎక్కడికి పోయినా ఒంటరిగా పోకండి. తిరుగు ప్రయాణంలో నోట్లో దూది ఉంటుంది. కండక్టరుకు టికెట్ కూడా చెప్పలేరు! బీపీ, షుగర్, గుండె జబ్బు, రక్తం పలుచబడే మాత్రలు, పడని మందులు... ఏవున్నా ముందే చెప్పండి. కడుపుతో ఉన్నా, అనుమానంగా ఉన్నా అదీ చెప్పాలి. గర్భిణులకు తీయక తప్పకపోతే నాలుగు నుంచి ఆరో నెల మధ్య కాస్త అనువైన కాలం.

పీకేటప్పటి నొప్పి గురించి భయమా? 1844 డిసెంబరులో అమెరికాలోని హార్ట్‌ఫర్డ్‌లో హొరేస్ వెల్స్ అనే పళ్ల డాక్టరు, నైట్రస్ ఆక్సైడ్ వాయువు పీల్చి తన పన్నునే పీకించుకుని నొప్పి తెలియలేదని చూపించాడు. అదీ జ్ఞానదంతమే! ఇప్పుడైతే చిగురుకు ఇచ్చే ఇంజెక్షన్ చాలు. సూది గుచ్చినప్పుడు చురుక్కుమంటుంది. తర్వాత పెదవి సగం, నాలుక సగం మొద్దుబారతాయి. డాక్టరు నెట్టడం, పట్టుకారు చప్పుడు తెలుస్తాయి, నొప్పి తెలియదు. అడ్డంగా ఉన్న పన్నును ముక్కలు చేసి తీస్తారు, కుట్లు వేస్తారు. మన టైలరమ్మ మాటల్లో చెప్పాలంటే, “కుట్టిచ్చుకునుడు గింత అల్కగుంటదని తెలిస్తే దసరా ముందే పోతుంటి.”

అసలు పని ఇంటికొచ్చాక ఉంది. పెట్టిన దూదిని అరగంట నుంచి ముప్పావుగంట గట్టిగా కరిచి పట్టాలి. మాటిమాటికీ తీసి చూడొద్దు, ఉమ్మొద్దు. వచ్చిన లాలాజలాన్ని మింగేయండి. పన్ను ఊడిన గుంతలో గడ్డకట్టే రక్తమే మనకు మందు. అది కదిలిందా, అంతే సంగతులు. అందుకే మొదటి రోజు పుక్కిలించొద్దు, స్ట్రాతో కూల్‌డ్రింకు పీల్చొద్దు. ఐస్ ముక్కలు బట్టలో చుట్టి, చెంప మీద ఇరవై నిమిషాలు పెట్టి కాసేపు తీసి మళ్లీ పెట్టండి. వాపు రెండు మూడు రోజుల దాకా పెరుగుతుంది, తర్వాత దిగుతుంది. మూడో రోజు అద్దం చూసుకుని బెంగపడకండి. పడుకునేటప్పుడు తల కింద రెండు దిండ్లు పెట్టుకోండి. మర్నాటి నుంచి ఉప్పునీళ్లు మెల్లగా నోట్లో అటూ ఇటూ తిప్పి వదిలేయండి.

తిమ్మిరి దిగేదాకా వేడివి ముట్టొద్దు, నోరు కాలినా తెలియదు. తర్వాత తైద జావ తాగండి. రెండు చెంచాల తైద పిండిని అర గ్లాసు చల్లని నీళ్లలో ఉండలు లేకుండా కలిపి, మరుగుతున్న గ్లాసున్నర నీళ్లలో పోసి, పచ్చి వాసన పోయేదాకా కలుపుతూ ఉడికించాలి. పూర్తిగా చల్లారాక సల్ల, ఉప్పు కలపండి. జీలకర్ర, ఆవాలు, కొత్తిమీర మాత్రం వద్దు, గుంతలో ఇరుక్కుంటాయి. పెసరకట్టు, మెత్తగా పిసికిన పెరుగన్నం, అరటిపండు మంచివే. జొన్నరొట్టె, నువ్వుల పొడి, పచ్చిమిరప తొక్కు రెండు వారాలు మరిచిపోండి. అన్నిటికంటే కష్టం తొక్కు మానడమేనని తీయించుకున్న వాళ్లంతా ఒక్క మాటగా చెప్తారు!

వంట ఎవరు చేస్తారు అంటారా? ఇక్కడే చాలామంది చిక్కుకుంటున్నారు. పొద్దున పన్ను తీయించుకుని సాయంత్రం బిందె ఎత్తడం, వంగి బట్టలు ఉతకడం, పొయ్యి ముందు కూర్చోవడం... వీటితో రక్తం మళ్లీ కారుతుంది. కూలికి పోయే అక్కలకు రెండు మూడు రోజుల కూలి పోవడం మామూలు నష్టం కాదు, ఒప్పుకుంటా. కానీ మళ్లీ చీము పట్టి మంచాన పడితే పోయేది అంతకంటే ఎక్కువ. తీయించుకునే రోజును ఇంట్లోవాళ్లతో ముందే మాట్లాడి పెట్టుకోండి. ఆ రెండు రోజులు అన్నం వండడం మగవాళ్లకు రాని విద్యేం కాదు.

మూడో రోజో నాలుగో రోజో తగ్గుతున్న నొప్పి ఉన్నట్టుండి పెరిగి, చెవిలోకి లాగుతూ నోరు కంపు కొడితే గుంతలో గడ్డ ఊడిపోయిందన్నమాట. బీడీ, గుట్కా, జర్దా అలవాటున్న వాళ్లకు ఇది ఎక్కువ. గర్భనిరోధక మాత్రలు వాడే ఆడవాళ్లకూ కొంత ఎక్కువే. భయపడాల్సిన పని లేదు. డాక్టరు గుంత కడిగి మందు పెడితే త్వరలోనే ఉపశమనం ఉంటుంది. ఆ మందులో తరచూ ఉండేది మన లవంగ నూనే! అలాగని ఇంట్లో నూనె గుంతలో పోసుకోకండి, చిగురు కాలుతుంది. మాత్రల్లో మెట్రోనిడజోల్ ఉంటే కల్లు ముట్టొద్దని ఇంటాయనకు గట్టిగా చెప్పండి. మర్నాటికి కూడా పెదవి తిమ్మిరి పోకపోతే డాక్టరుకు తెలియజేయాలి.

కుట్లు సుమారు వారానికి తీస్తారు, కొన్ని వాటంతటవే కరిగిపోతాయి. గుంత పూడడానికి మాత్రం కొన్ని వారాలు పడుతుంది. అన్నాళ్లూ తిన్న ప్రతిసారీ నీళ్లతో నోరు కడుక్కోండి. మెతుకు ఇరుక్కుంటే పిన్నీసుతో, అగ్గిపుల్లతో కెలక్కండి. సూది లేని సిరంజిలో గోరువెచ్చని ఉప్పునీళ్లు నింపి ఎప్పటినుంచి చిమ్మొచ్చో కుట్లు తీసే రోజునే డాక్టరును అడిగి తెలుసుకోండి.