కొత్త కాలేయంలో పాత జబ్బు

పసిబిడ్డకు కామెర్లు తగ్గకపోతే మన ఇళ్లలో ముందు ఆకుపసరు పోయిస్తారు, తర్వాత పథ్యం పెడతారు. కొందరు బిడ్డల్లో నెలలు గడిచినా కామెర్లు పోవు సరికదా, దురద మొదలవుతుంది. రాత్రంతా బిడ్డ గోకుతూనే ఉంటుంది. తల్లి ఆ బిడ్డ గోళ్లు కత్తిరించి, చేతులకు గుడ్డ చుట్టి, నిద్ర లేకుండా కూర్చుంటుంది. అటువంటి ఇంటికి పరామర్శకు వెళ్లి "ఎవరు చేసిన పాపమో" అని వచ్చేవారున్నారు. ప్రియ చదువరులారా, దయచేసి ఆ మాట అనకండి.

కాలేయం పైత్యరసాన్ని తయారుచేస్తుంది. ఆ రసంలోని లవణాలను కాలేయ కణం నుండి బయటి సన్నని కాలువలోనికి తోడిపోసే పంపు ఒకటి ఉంది. అది ఒక ప్రొటీను. దానిని తయారుచేయించే జన్యువు ఏబీసీబీ11 అని 1998లో కనుగొన్నారు. తల్లి నుండి, తండ్రి నుండి వచ్చిన రెండు ప్రతులూ చెడితే పంపు పనిచేయదు. లవణాలు కణంలోనే నిలిచి కాలేయాన్ని పాడుచేస్తాయి. తల్లిదండ్రులకు మాత్రం ఏ జబ్బూ కనబడదు. అటువంటి దంపతులకు ప్రతి కాన్పులోనూ నాలుగింట ఒక వంతు అవకాశం ఈ జబ్బుకు ఉంటుంది. మేనరికపు పెళ్లిళ్లలో ఇద్దరిలో ఒకే లోపం ఉండే అవకాశం ఎక్కువ గనుక, ఇది మనం ఆలోచించవలసిన సంగతే.

మందులతో లొంగనప్పుడు కాలేయ మార్పిడే దారి. మన దేశంలో చిన్నబిడ్డకు మొదటిసారి ఇది విజయవంతమైనది కూడా 1998లోనే, ఢిల్లీలో. వేరొక కాలేయ జబ్బున్న బాబుకు తండ్రి తన కాలేయంలో కొంత ఇచ్చాడు. కొత్త కాలేయంలో జన్యువు మంచిది, పంపు మంచిది. కనుక పంపు లోపంతో పుట్టిన బిడ్డకు ఇక ఆ జబ్బు మళ్లీ రాదనే వైద్యులు ఎంతో కాలం అనుకున్నారు.

కానీ వచ్చింది. మార్పిడి తర్వాత బాగా ఎదుగుతున్న పిల్లల్లో కొద్దిమందికి అవే కామెర్లు, అదే దురద తిరిగి కనబడ్డాయి. స్పెయిన్‌లోని మాడ్రిడ్ వైద్యులు అటువంటి ముగ్గురు పిల్లల సంగతి 2009లో ప్రకటించారు. ఆ పిల్లల రక్తంలో కొత్త పంపుకు విరుద్ధంగా యాంటీబాడీలు ఉన్నాయి.

ఎందుకని? పుట్టుకనుండి ఆ ప్రొటీను బొత్తిగా లేని బిడ్డ శరీరం దానిని ఎన్నడూ చూడలేదు. మనకు ప్రాణాధారమైన పంపు ఆ బిడ్డ ఒంటికి పరాయి వస్తువు. క్రిములను ఎదిరించినట్టే దానిని ఎదిరించి, యాంటీబాడీలను తయారుచేస్తుంది. అవి వెళ్లి పంపుకు అంటుకొని దాని పని ఆపేస్తాయి. జన్యువు బాగానే ఉన్నా జబ్బు మాత్రం పాతదే! వైద్యులను సైతం తికమకపెట్టిన సంగతి ఇది.

ఇది మార్పిడి జరిగిన కొన్ని నెలలకు రావచ్చు, కొన్నేళ్లకూ రావచ్చు. దురద వచ్చినంత మాత్రాన ఇదేనని భయపడకూడదు. ఒళ్లు కొత్త కాలేయాన్ని తిరస్కరించినా, పైత్యనాళం మూసుకుపోయినా కామెర్లు వస్తాయి. తేల్చడానికి కాలేయపు ముక్క తీసి పరీక్షిస్తారు, రక్తంలో ఆ యాంటీబాడీలను వెదకుతారు. అయితే బిడ్డ మళ్లీ గోకుతున్నదంటే మార్పిడి చేసిన వైద్యునికి ఆ రోజే చెప్పాలి. ఈసారి ఆకుపసరు జోలికి అసలు పోవద్దు.

చికిత్స ఉంది, తేలిక మాత్రం కాదు. రోగనిరోధక శక్తిని అణచే మందులు పెంచుతారు. రక్తంలోని ప్లాస్మా మార్చి యాంటీబాడీలను తీసివేస్తారు. వాటిని తయారుచేసే కణాల మూలాన్ని తగ్గించడానికి రిటుక్సిమాబ్ అనే మందు ఎక్కిస్తారు. వీటితో చాలామందిలో కామెర్లు దిగివచ్చాయి. కొందరికి మళ్లీ తిరగబడింది, రెండవ మార్పిడి తర్వాత కూడా. ఇంత బలమైన మందులు వాడే రోజుల్లో జలుబు, జ్వరం ఉన్నవారు ఆ ఇంటికి పరామర్శకు వెళ్లకపోవడమే మేలు. ప్రయాణ ఖర్చులకో, పరీక్షల ఖర్చులకో సాయం చేస్తే ఆ కుటుంబానికి ఎక్కువ ఉపయోగం.

కాలేయం ఇచ్చిన తండ్రికి మాత్రం ఒక బాధ లోపల తొలుస్తూ ఉంటుంది: "నాలోనూ ఆ లోపం సగం ఉంది గదా, నేనిచ్చినదే చెడ్డదేమో!" కాదు. ఒక మంచి ప్రతి ఉన్న తండ్రి కాలేయంలో పంపు పనిచేస్తుంది. ఇటువంటి పిల్లలకు తల్లిదండ్రులే దాతలుగా ఎందరో ఉన్నారు. బిడ్డ ఒళ్లు ఎదిరించినది ఆయనలోని లోపాన్ని కాదు, ఆయన ఇచ్చిన మంచి పంపునే.