కారు తోక జాడిస్తే...

వేగంగా మలుపు తిరిగే కారు వెనక చక్రాలు జారితే ఏం చేయాలి? ఏం చేయకూడదు? కండబలం కాదు, నిదానం కావాలంటోంది రేసింగ్ విద్య!

నెత్తిన నిండు బిందెతో నడిచే ఆవిడని ఎప్పుడైనా గమనించారా? మలుపు దగ్గర ఆమె గబుక్కున తిరగదు. ముందే నడక తగ్గిస్తుంది. ఒళ్లు కదలకుండా నెమ్మదిగా తిరుగుతుంది. తిరిగాక మళ్లీ జోరందుకుంటుంది. చుక్క నీరు తొణకదు!

మూడు నాలుగు వందల హార్స్‌పవర్ ఉన్న కారుని మలుపు తిప్పడంలోని కిటుకు కూడా ఇంచుమించు ఇదే. కాకపోతే ఇక్కడ తొణికేది నీళ్లు కాదు... కారే! వెనక చక్రాలు పట్టు వదిలి పక్కకి జారతాయి. కారు ముక్కు మలుపు లోపలికి, డిక్కీ బయటికి తిరిగిపోతాయి. అంటే మీరు స్టీరింగు తిప్పినదానికన్నా కారే ఎక్కువ తిరిగిందన్నమాట. దీన్నే ‘ఓవర్‌స్టీర్’ అంటారు. దీని తోబుట్టువు ‘అండర్‌స్టీర్’. అందులో ముందు చక్రాలు జారతాయి. స్టీరింగు ఎంత తిప్పినా కారు మాట వినకుండా తిన్నగా పోతుంది. ఈ రెండింటికీ తేడా ఏమిటంటే రేసింగ్ వాళ్లు సరదాగా ఒక మాట చెబుతారు. అండర్‌స్టీర్ అయితే గుద్దుకోబోయే చెట్టు కనిపిస్తుందట. ఓవర్‌స్టీర్ అయితే చప్పుడు మాత్రమే వినిపిస్తుందట!

‘ఇదంతా మగవాళ్ల సరదా, మనకెందుకు?’ అంటారా? అయితే ముందు సబీన్ గురించి తెలుసుకోవాల్సిందే.

హోటలు వారి అమ్మాయి

జర్మనీలో నూర్బుర్గ్‌రింగ్ అనే రేస్ ట్రాక్ ఉంది. 1927లో మొదలైంది. అందులో ‘నార్డ్‌ష్లైఫె’ అనే భాగం పొడవు 20.8 కిలోమీటర్లు. అడవి మధ్య కొండలెక్కుతూ దిగుతూ పోయే ఆ దారిలో 73 మలుపులు. ఒక చోట ఎండ కాస్తుంటే ఇంకో చోట వాన పడుతుంటుంది. ఫార్ములా వన్ ఛాంపియన్ జాకీ స్టువార్ట్ దానికి ‘పచ్చని నరకం’ అని పేరు పెట్టాడంటే ఎలాంటిదో ఊహించుకోవచ్చు.

సబీన్ ష్మిట్జ్ 1969లో పుట్టింది. పెరిగింది ఈ నరకం పక్కనే! ఆమె కుటుంబానికి నూర్బుర్గ్‌లో హోటలుండేది. తనూ హోటలు పనిలోనే శిక్షణ తీసుకుంది. కానీ మనసంతా ట్రాక్ మీదే. 1996లో ఒకసారి, 1997లో మరోసారి అక్కడ జరిగే 24 గంటల రేసుని తన జట్టుతో కలిసి గెలిచింది. నడిపింది బీఎండబ్ల్యూ ఎం3 కారు. ఆ రేసు గెలిచిన మొదటి మహిళ ఆమే. 2008లో అదే రేసులో పోర్షా 911 నడిపి జట్టుని మూడో స్థానంలో నిలబెట్టింది.

ఆమెకి ఇంకో ఉద్యోగం కూడా ఉండేది. అదే ట్రాక్ మీద ‘రింగ్ టాక్సీ’ నడపడం! డబ్బు కట్టినవాళ్లని ఎక్కించుకుని, గలగలా కబుర్లు చెబుతూనే ఆ మలుపులన్నీ తిప్పి తీసుకొచ్చేది. ఎక్కినవాళ్లు గుండె అరచేతిలో పెట్టుకుని కూర్చుంటే ఆమె నవ్వుతూ కారుని జార్చేది, జారినదాన్ని నవ్వుతూనే పట్టుకునేది. 2021 మార్చిలో, 51 ఏళ్ల వయసులో క్యాన్సర్‌తో కన్నుమూసింది. అదే ఏడాది నార్డ్‌ష్లైఫె మొదటి మలుపుకి ఆమె పేరు పెట్టారు.

మరి ఆమె చేసిన పనిలో ఏముంది? అది మంత్రం కాదు. అర్థం చేసుకుంటే ఎవరికైనా తెలిసేదే.

అరచేయంత చోటే ఆధారం

టన్నున్నర బరువుండే కారు రోడ్డుని అంటుకునేది ఎంతమేరో తెలుసా? ఒక్కో టైరుకి ఇంచుమించు మన అరచేయంత! బ్రేకు వేసినా, యాక్సిలరేటర్ తొక్కినా, మలుపు తిప్పినా ఆ నాలుగు అరచేతులే పని చేయాలి.

టైరు పట్టుని ఇంటి ఖర్చుల డబ్బు అనుకోండి. ఉన్నది ఇంతే. మలుపు తిరగడానికే దాదాపు అంతా ఖర్చయిపోతుంటే, అప్పుడే బ్రేకు కూడా గట్టిగా తొక్కారనుకోండి... డబ్బు చాలదు. టైరు చేతులెత్తేస్తుంది. జారడమంటే అదే!

వేగం పెరిగితే ఈ ఖర్చు ఎంత పెరుగుతుందో చాలామందికి తెలియదు. గంటకు 50 కిలోమీటర్ల వేగంతో తిరిగిన మలుపునే 60తో తిరిగారనుకోండి. పెరిగింది పది కిలోమీటర్లేగా అనిపిస్తుంది. కానీ టైర్ల మీద పక్కకి లాగే బలం 44 శాతం పెరుగుతుంది! వేగం రెట్టింపయితే ఆ బలం నాలుగింతలు. అందుకే మలుపులో జరిగే తప్పుల్లో సగం మలుపు రాకముందే జరిగిపోయి ఉంటాయి.

తోక ఎందుకు జారుతుంది?

కారణాలు ముఖ్యంగా రెండు.

ఒకటి, మలుపులో ఉండగానే యాక్సిలరేటర్ ఎక్కువ తొక్కడం. వెనక చక్రాలకి శక్తి అందే కార్లలో ఇది జరుగుతుంది. స్పోర్ట్స్ కార్లలో చాలావరకు ఇలాంటివే. తిరగడానికీ, తోయడానికీ రెండింటికీ పట్టు చాలక వెనక చక్రాలు గిర్రున తిరిగి పక్కకి పోతాయి.

రెండోది ఇంకా చిత్రమైనది. భయపడి కాలు తీసేయడం! బస్సు డ్రైవరు ఉన్నట్టుండి బ్రేకు వేస్తే మనమంతా ముందుకు తూలతాం కదా. కారు బరువు కూడా అంతే. మలుపు మధ్యలో ఠక్కున యాక్సిలరేటర్ వదిలినా, బ్రేకు తొక్కినా బరువంతా ముందు చక్రాల మీదకి వాలుతుంది. వెనక భాగం తేలికవుతుంది. తేలికైన టైరుకి పట్టు తగ్గుతుంది. అంతే, తోక జారిపోతుంది. ముందు చక్రాలతో నడిచే మామూలు కారులో కూడా ఇలా జరగొచ్చు.

పోర్షా 911 ఈ విషయంలో పేరు మోసింది. 1964లో తయారీ మొదలైన ఈ కారులో ఇంజను వెనక ఇరుసుకి కూడా వెనకాలే ఉంటుంది. మొత్తం బరువులో ఇంచుమించు అరవై శాతం వెనకే. అంత బరువైన తోక ఒకసారి ఊగిందంటే గడియారం లోలకంలా ఆపడం కష్టం. తొలి కార్లలో ఈ జబ్బు ఎంతగా ఉండేదంటే, 1969 మోడల్ నుంచి ముందు, వెనక చక్రాల మధ్య దూరాన్ని 57 మిల్లీమీటర్లు పెంచాల్సి వచ్చింది. 1975లో వచ్చిన 911 టర్బోతో మరో చిక్కు. యాక్సిలరేటర్ తొక్కాక కాసేపటికి గానీ బలం వచ్చేది కాదు. వస్తే ఒక్కసారిగా వచ్చి పడేది. అది సరిగ్గా మలుపు మధ్యలో అయితే ఇంకేముంది!

జారుతుంటే ఏం చేయాలి?

రేసింగ్ స్కూళ్లలో నేర్పే పద్ధతి ఇదీ...

* కళ్లు ముందు: గోడనీ, చెట్టునీ చూడకండి. మీరు ఎటు వెళ్లాలో అటు చూడండి. కళ్లు ఎటుంటే చేతులు అటే పోతాయి. ఇది అందరికీ ఉండే గుణం.

* బ్రేకు జోలికి పోవద్దు: అప్పటికే తేలికైన తోకని బ్రేకు ఇంకా తేలిక చేస్తుంది.

* తోక జారిన వైపే స్టీరింగు: వెనక భాగం కుడికి జారుతుంటే స్టీరింగు కుడికి, ఎడమకి జారుతుంటే ఎడమకి తిప్పాలి. కారు ఎంత వేగంగా జారుతుంటే అంత వేగంగా, ఎంత జారితే అంతే. కంగారులో మరీ ఎక్కువ తిప్పకూడదు.

* కాలు మెత్తగా: యాక్సిలరేటర్ ఎక్కువ తొక్కడం వల్ల జారితే నెమ్మదిగా కొంచెం తగ్గించాలి. ఠక్కున వదలకూడదు. కాలు తీసేయడం వల్ల జారితే మళ్లీ లేతగా తొక్కి పట్టాలి. బరువు తిరిగి వెనక చక్రాల మీదకి వస్తుంది, పట్టు చిక్కుతుంది.

* తిప్పినదాన్ని తిరిగి విప్పడం: కొత్తవాళ్లు మరిచేది ఇదే. తోక సర్దుకోవడం మొదలవగానే స్టీరింగు కూడా వెంటనే మధ్యకి తెచ్చేయాలి. ఆలస్యమైతే కారు రెండో వైపు ఇంకా జోరుగా విసిరేస్తుంది. మొదటి జారుడుని పట్టుకున్నవాళ్లు కూడా ఈ రెండో దెబ్బకి దొరికిపోతుంటారు.

* చేయి దాటిపోతే: కారు గిర్రున తిరిగిపోయింది, ఇక పట్టుకోలేం అనిపిస్తే క్లచ్చి, బ్రేకు రెండూ గట్టిగా తొక్కేయాలి. కారు ఆగేదాకా కాళ్లు తీయకూడదు.

జారుతున్న సంగతి కళ్లకన్నా ముందు నడుముకి తెలుస్తుంది. అందుకే కూర్చోవడం ముఖ్యం. వీపు సీటుకి ఆనించి చేయి చాస్తే మణికట్టు స్టీరింగు పైఅంచు మీద ఆనాలి. క్లచ్చి పూర్తిగా తొక్కినా మోకాలు కొద్దిగా వంగే ఉండాలి. చేతులు గడియారంలో తొమ్మిది, మూడు అంకెలున్న చోట. పొట్టిగా ఉన్నామని సీటు అంచున కూర్చుని స్టీరింగుని కావలించుకుంటే నడుముకి ఏమీ తెలియదు, చేతులూ ఆడవు.

కావాలనే జార్చేవాళ్లూ ఉన్నారు!

రేస్ ట్రాక్ మీద జారితే టైరు అరుగుతుంది, సమయం పోతుంది. మట్టిరోడ్డు ర్యాలీల్లో మాత్రం సంగతి వేరు. అక్కడ మలుపు రాకముందే కారుని ముందు అవతలి వైపుకి ఒక్క ఊపు ఊపి, వెంటనే ఇవతలికి తిప్పుతారు. ఆ ఊపుకి తోక జారి, మలుపు వచ్చేసరికి కారు ముక్కు బయటికి వెళ్లే దారి వైపే ఉంటుంది.

ఈ విద్యలో ఆరితేరిన మహిళ ఫ్రాన్స్‌కి చెందిన మిషెల్ మూతాఁ. 1981లో ఇటలీలో జరిగిన సాన్‌రెమో ర్యాలీని ఆడి క్వాట్రో కారులో గెలిచింది. ప్రపంచ ఛాంపియన్‌షిప్ ర్యాలీ గెలిచిన మొదటి మహిళ ఆమే. పక్క సీట్లో దారి చెప్పిందీ మహిళే, ఇటలీకి చెందిన ఫాబ్రిత్సియా పోన్స్! మరుసటి ఏడాది మిషెల్ పోర్చుగల్, గ్రీస్, బ్రెజిల్ ర్యాలీలు మూడూ గెలిచి, వాల్టర్ రోర్ల్ తర్వాత ప్రపంచంలో రెండో స్థానంలో నిలిచింది.

కారే చూసుకుంటుందిగా?

ఇప్పటి కార్లలో ‘ఎలక్ట్రానిక్ స్టెబిలిటీ కంట్రోల్’ ఉంటోంది. క్లుప్తంగా ఈఎస్‌సీ. బాష్, మెర్సిడెస్ బెంజ్ కలిసి తయారుచేసిన ఈ ఏర్పాటు 1995లో మొదట ఖరీదైన కార్లలో వచ్చింది. 1997లో స్వీడన్‌లో పాత్రికేయులు, రోడ్డుకి జంతువు అడ్డొస్తే ఎలా తప్పించుకుంటుందో చూద్దామని పరీక్షిస్తే, మెర్సిడెస్ ఏ-క్లాస్ అనే చిన్నకారు బోల్తా కొట్టింది. పెద్ద గొడవైంది. దాంతో ఆ కంపెనీ అన్ని ఏ-క్లాస్ కార్లకీ దీన్ని బిగించింది. చిన్నకార్లకి దారి తెరుచుకున్నది అలా!

ఇది చేసేదేమిటంటే, మీరు స్టీరింగు ఎంత తిప్పారో, కారు నిజంగా ఎంత తిరుగుతోందో క్షణక్షణం పోల్చి చూస్తుంది. తోక జారుతోందని తెలియగానే మలుపుకి బయటివైపు ఉన్న ముందు చక్రానికి ఒక్కదానికే బ్రేకు వేసి కారుని సరిచేస్తుంది. నాలుగు చక్రాల్లో ఒక్కదానికే బ్రేకు వేయడం మన కాలికి సాధ్యమయ్యే పని కాదు! మన దేశంలో 2023లో మొదలైన భారత్ ఎన్‌క్యాప్ భద్రతా పరీక్షల్లో మూడు స్టార్లు, అంతకన్నా ఎక్కువ కావాలంటే కారులో ఈఎస్‌సీ ఉండి తీరాలి. కొనేటప్పుడు రంగు, మ్యూజిక్ సిస్టమ్ గురించి అడిగే ముందు దీని గురించి అడగండి.

అయితే ఒక్కటి మరవొద్దు. ఈఎస్‌సీ ఉన్న పట్టుని పొదుపుగా వాడుతుందే తప్ప, లేని పట్టుని పుట్టించలేదు. తిరగలేనంత వేగంతో మలుపులోకి దూకితే అదీ ఏమీ చేయలేదు.

మన రోడ్ల మీదకొస్తే...

పైన చెప్పిన విద్య రోడ్డు మీద సాధన చేసేది కాదు. ఎదురుగా బస్సో, పక్కన సైకిలో ఉండే చోట జార్చి చూడడం ప్రాణాలతో చెలగాటం. నేర్చుకోవాలంటే రేస్ ట్రాక్ మీదే, నేర్పేవాళ్లు పక్కన ఉండగానే. చెన్నై దగ్గర ఇరుంగట్టుకోట్టైలో, కోయంబత్తూరులో అలాంటి ట్రాక్‌లున్నాయి.

రోడ్డు మీద మనకి కావాల్సింది జారకుండా చూసుకోవడం. తిరుమల, అరకు లాంటి ఘాట్ రోడ్లు దిగేటప్పుడు బ్రేకు, గేరు మార్పు అంతా మలుపుకి ముందే తిన్నటి దారిలో కానివ్వాలి. మలుపులో ఒకే వేగం, స్టీరింగు తిన్నబడుతుంటే అప్పుడు యాక్సిలరేటర్. ఇది సబీన్‌కీ, మనకీ ఒకటే సూత్రం.

ఇంకో ముఖ్యమైన సంగతి... టైర్లు. రెండే కొత్తవి కొంటే వాటిని ముందు చక్రాలకి వేయించుకోవడం చాలామందికి అలవాటు. కానీ వెనక వేయించడమే క్షేమమని టైరు కంపెనీలే చెబుతాయి. వాన నీళ్లలో ముందు టైరు జారితే వేగం తగ్గించి సరిదిద్దుకోవచ్చు. వెనకది జారితే అంత తీరిక ఉండదు. ఈసారి టైర్ల షాపులో ఇంటాయన ‘ముందుకే వేయండి’ అంటే, మీరు కాస్త కల్పించుకోండి!