ధర తగ్గినా ఖర్చు తగ్గదు
పాత జర్మనీ హార్డ్‌టాప్ కారు కొనేవారు పరిశీలించవలసిన అంశాలు

మీట నొక్కితే డిక్కీ మూత వెనక్కి తెరుచుకుంటుంది. ఇనుప పైకప్పు లేచి, రెండుగా మడతపడి అందులోకి దిగిపోతుంది. అర నిమిషం గడవకముందే మూసి ఉన్న కారు కాస్తా ఆకాశం కనిపించే స్పోర్ట్స్ కారుగా మారిపోతుంది. కొత్తగా ఉన్నప్పుడు సంపన్నులకే పరిమితమైన ఇలాంటి జర్మనీ కార్లు, పదిహేనేళ్లు గడిచాక మధ్యశ్రేణి కొత్త కారు ధరకే సెకండ్‌హ్యాండ్ మార్కెట్లో కనిపిస్తుంటాయి. ఆ ధర చూసి ఆశపడే యువకులు జిల్లాల్లోనూ తక్కువేమీ కాదు. అయితే తగ్గింది కారు ధర మాత్రమే. విడిభాగాల ధర, మరమ్మతు కూలి, ప్రభుత్వ రుసుములు తగ్గలేదు. ఈ తేడా గుర్తించనివారి కారు షెడ్డులోనే మిగిలిపోయే ప్రమాదం ఉంది.

దంత వైద్యుడి ఆలోచన

మడిచే ఇనుప పైకప్పు జర్మనీలో పుట్టింది కాదు. ఫ్రాన్సుకు చెందిన జార్జ్ పాలిన్ అనే దంత వైద్యుడు 1930లలో దీనికి రూపకల్పన చేయగా, ప్యూజో సంస్థ తన కార్లలో అమర్చింది. నాజీలపై ప్రతిఘటన ఉద్యమంలో పాల్గొన్న పాలిన్‌ను 1942లో కాల్చిచంపారు. అమెరికాలో ఫోర్డ్ సంస్థ 1957 నుంచి 1959 వరకు స్కైలైనర్ పేరుతో ఇదే తరహా కారును విక్రయించింది.

ఈ పద్ధతిని మళ్లీ విస్తృత ప్రచారంలోకి తెచ్చింది 1996లో వచ్చిన మెర్సిడెస్ బెంజ్ ఎస్ఎల్‌కే. జర్మన్ భాషలో ఈ మూడక్షరాలకు స్పోర్ట్స్ తరహా, తేలిక, పొట్టి అని అర్థం. జర్మనీలోని బ్రెమెన్ కర్మాగారంలో ఇది తయారైంది. రెండో తరం 2004లో, మూడో తరం 2011లో వచ్చాయి. 2016లో ఎస్ఎల్‌సీగా పేరు మారింది. 2020లో ఉత్పత్తి నిలిచిపోయింది. అంటే నేడు ఈ తరహా ఎస్ఎల్‌కే ఎవరు కొన్నా అది పాతదే అవుతుంది.

అసలు పరీక్ష పైకప్పుకే

పైకప్పును కదిలించేది డిక్కీ భాగంలో ఉండే విద్యుత్ పంపు. అది ఒత్తిడితో పంపిన నూనె సన్నని గొట్టాల ద్వారా హైడ్రాలిక్ సిలిండర్లకు చేరుతుంది. ప్రతి దశ పూర్తయినట్లు సెన్సర్లు కంప్యూటరుకు తెలియజేస్తేనే తర్వాతి కదలిక మొదలవుతుంది. ఒక్క సెన్సర్ పనిచేయకపోయినా పైకప్పు మధ్యలో ఆగిపోతుంది. వానాకాలంలో నడిరోడ్డుపై అలా ఆగితే యజమాని పరిస్థితి ఊహించుకోవచ్చు.

అందుచేత కొనేవారు ఇంజన్ నడుస్తుండగా పైకప్పును కనీసం మూడుసార్లు తెరిపించి, మూయించి చూడాలి. తొలి తరం కారుకు 25 సెకన్లు, రెండో తరానికి 22 సెకన్లు పడుతుందని తయారీదారు పేర్కొన్నారు. అంతకంటే బాగా ఎక్కువ సమయం తీసుకున్నా, కుదుపులతో కదిలినా, ఒక పక్కకు వంగినా అనుమానించాలి. డిక్కీ గోడల లోపలి వైపు, పైకప్పు కీళ్ల వద్ద నూనె తడి ఉందేమో వేలితో తాకి చూడాలి. నూనె కారుతుంటే సిలిండర్ సీళ్లు పాడైనట్లే.

డిక్కీలో సామాను, పైకప్పు చోటును వేరుచేసే తెర సరిగా మూసి ఉంటేనే పైకప్పు కదులుతుంది. కొన్నిసార్లు లోపం అంతవరకే ఉంటుంది. అయితే ‘చిన్న సెన్సరే, వెయ్యి రూపాయల పని’ అని విక్రేత చెబితే ఆ పని ఆయనచేత చేయించుకున్న తర్వాతే బయానా ఇవ్వాలి.

మన ఎండలకు అద్దాల చుట్టూ ఉండే రబ్బరు పట్టీలు గట్టిపడి పగుళ్లిస్తాయి. నీరు బయటకు పోయే సన్నని దారులు ఆకులు, దుమ్ముతో పూడుకుపోతాయి. పైకప్పు మూసి రెండు బక్కెట్ల నీళ్లు పోయించి, లోపల తివాచీ కింద తడి ఉందేమో చూడటం ఖర్చులేని పరీక్ష.

ఇంజన్, వరద జాడలు

రెండో తరం ఎస్ఎల్‌కే 350లోని ఆరు సిలిండర్ల ఇంజన్‌కు తెలిసిన లోపం ఒకటుంది. 2004 నుంచి 2006 వరకు తయారైన తొలి ఇంజన్లలో కొన్నింటికి బ్యాలెన్స్ షాఫ్ట్ పళ్లచక్రం త్వరగా అరిగిపోయింది. దాన్ని మార్చాలంటే ఇంజన్‌ను కిందికి దించవలసిందే. కాబట్టి ఇంజన్ నంబరును అధీకృత సర్వీసు కేంద్రంలో చూపించి, మరమ్మతు జరిగిందో లేదో తెలుసుకోవాలి. కంప్యూటర్ స్కానింగ్ చేయించనివ్వని విక్రేతతో బేరం మానుకోవడమే మేలు.

చెన్నై 2015లో, హైదరాబాద్ 2020 అక్టోబరులో, విజయవాడ 2024 సెప్టెంబరులో వరదల్లో చిక్కుకున్నాయి. అలా నీట మునిగిన కార్లు శుభ్రపడి ఇతర ప్రాంతాల్లో అమ్మకానికి వచ్చే అవకాశం ఉంది. సీటు బెల్టును చివరిదాకా లాగి మట్టి మరకలు, సీట్ల కింది బోల్టుల తుప్పు, లోపలి వాసన పరిశీలించాలి. విద్యుత్ పరికరాలే ప్రాణమైన ఇలాంటి కారు ఒకసారి మునిగితే ఆ నష్టం ఏళ్ల తరబడి బయటపడుతూనే ఉంటుంది.

కాగితాలే కీలకం

మోటారు వాహనాల చట్టం ప్రకారం సొంత కారు రిజిస్ట్రేషన్ 15 ఏళ్లు చెల్లుతుంది. ఆపై తనిఖీ చేయించి ఐదేళ్లకోసారి పునరుద్ధరించుకోవాలి. ఈ రుసుమును 2022 ఏప్రిల్‌లో కేంద్రం సాధారణ కార్లకు రూ.5 వేలకు, దిగుమతి కార్లకు రూ.40 వేలకు పెంచింది. 20 ఏళ్లు దాటిన వాహనాలకు 2025లో మరింత పెంచింది. ఎస్ఎల్‌కే దిగుమతి కారే. 2008 నాటి కారు గడువు 2023లోనే ముగిసి ఉంటుంది. ఆర్‌సీలో పునరుద్ధరణ నమోదు లేకుంటే ఆ భారం కొన్నవారిపైనే పడుతుంది.

ఇతర రాష్ట్రం బండి అయితే అక్కడి రవాణా అధికారి నుంచి ఫారం 28పై నిరభ్యంతర పత్రం ఉండాలి. ఏడాదికి మించి ఇక్కడ ఉంచితే కొత్త నంబరు తీసుకోవాలి. స్థానిక జీవితకాల పన్ను ఎంతవుతుందో ముందే రవాణా కార్యాలయంలో అడిగి తెలుసుకోవాలి. పేరు మార్పిడికి ఫారం 29, 30, అప్పు తీరినట్లు ఫైనాన్స్ సంస్థ ఇచ్చే ఫారం 35 అవసరం. విదేశాల నుంచి వ్యక్తిగతంగా తెప్పించిన కారైతే కస్టమ్స్ సుంకం చెల్లించిన పత్రాలు అడగాలి.

అమ్మేవారికీ ఇందులో హెచ్చరిక ఉంది. సంతకాలు పెట్టి తాళాలు ఇచ్చినంత మాత్రాన బాధ్యత తీరదు. రికార్డుల్లో ఎవరి పేరుంటే వారే యజమాని అని, ప్రమాద పరిహారం బాధ్యత వారిదేనని సుప్రీంకోర్టు 2018లో స్పష్టం చేసింది.

ఇద్దరికే చోటు

ఇది రెండు సీట్ల కారని కుటుంబీకులు మరచిపోరాదు. రెండో తరం కారులో పైకప్పు మూసి ఉంటే 300 లీటర్ల సామాను పడుతుంది. తెరిస్తే 208 లీటర్లే మిగులుతుంది. నేలకు దగ్గరగా ఉండే కారు కావడంతో పల్లె దారుల్లోని స్పీడ్‌బ్రేకర్లకు అడుగు భాగం తగులుతుంది. మెడకు వెచ్చని గాలి అందించే ఏర్పాటు రెండో తరంలో ఉన్నా, రెంటచింతల ఎండల్లో దానితో పని ఉండదు.

ఇన్ని చూశాక కూడా కొనాలనిపిస్తే తప్పులేదు. చక్కగా చూసుకున్న కారు ఏళ్ల తరబడి ఆనందాన్నిస్తుంది. అయితే చేతిలోని మొత్తమంతా ధరకే పెట్టేయకూడదు. కొంత మరమ్మతులకు విడిగా దాచుకోవాలి. అలా దాచుకునే వీలు లేదంటే, ఆ కారు ఎంత చౌకగా వచ్చినా మన స్తోమతకు మించినదేనని గ్రహించాలి.