కొత్త బాయిలర్‌లోకి పాత నీళ్లు

బ్రిటన్‌లో చాలా ఇళ్లు చలికాలాన్ని గోడలకు బిగించిన ఉక్కు రేడియేటర్లతోనే గట్టెక్కుతాయి. వంటింటి అల్మరాలో ఉండే గ్యాస్ బాయిలర్ నీళ్లు కాస్తుంది. పంపు వాటిని గొట్టాల గుండా గదిగదికీ తిప్పుతుంది. వేడి వదిలిన నీళ్లు మళ్లీ బాయిలర్‌కే చేరతాయి. స్నానానికి కుళాయిలో వచ్చే వేడినీళ్లు వేరు, ఇవి వేరు. ఒకసారి నింపిన ఈ నీళ్లు ఏళ్ల తరబడి అవే తిరుగుతుంటాయి. బాయిలర్ మొరాయిస్తే వేల పౌండ్లు పెట్టి కొత్తది బిగించుకునేవాళ్లు చాలామందే. అందులోకి వెళ్లబోయే నీళ్లు ఏ రంగులో ఉన్నాయో చూసేవాళ్లు మాత్రం తక్కువ. ముందు చూడాల్సింది ఆ నీళ్లనే.

తుప్పును అడ్డుకునే మందు వేయకుండా వదిలేసిన ఇంట్లో రేడియేటర్ అడుగు నుంచి గ్లాసుడు నీళ్లు తీస్తే చిక్కటి డికాషన్‌లా నల్లగా వస్తాయి. ఆ నలుపు బయటి మురికి కాదు, లోపలి నుంచి తుప్పు తినేసిన రేడియేటర్ ఉక్కే. తాజా నీటిలో కరిగి ఉన్న ఆక్సిజన్ మొదట ఇనుముకు ఎర్రటి తుప్పు పట్టిస్తుంది. మూసి ఉన్న గొట్టాల్లో ఆ ఆక్సిజన్ త్వరగానే అయిపోతుంది. అంతటితో తుప్పు ఆగిపోవాలి కదా అనిపిస్తుంది. ఆగదు. ఇనుము ఇక నెమ్మదిగా నీటితోనే చర్య జరుపుతుంది. ముందు ఫెర్రస్ హైడ్రాక్సైడ్ ఏర్పడుతుంది, వేడికి అది మాగ్నెటైట్ అనే నల్లటి ఐరన్ ఆక్సైడ్‌గా మారుతూ హైడ్రోజన్‌ను వదులుతుంది. జర్మన్ రసాయనవేత్త గెర్హార్డ్ షికోర్ పేరు మీద దీన్ని షికోర్ చర్య అంటారు.

ఇంట్లో కనిపించే లక్షణాలు చాలావరకు మాగ్నెటైట్, హైడ్రోజన్ అనే ఈ రెండు ఉత్పత్తుల నుంచే అర్థమవుతాయి. మాగ్నెటైట్ నీటికంటే సుమారు 5 రెట్లు బరువైనది. నీటి వేగం తగ్గిన చోట, అంటే రేడియేటర్ అడుగున, మడ్డిగా పేరుకుంటుంది. పైభాగం కాలుతూ కింది మధ్యభాగం చల్లగా ఉంటే అక్కడ మడ్డి ఉందన్నమాట. అడుగు వేడిగా ఉండి పైన చల్లగా ఉంటే వాయువు చేరింది. దాన్ని బయటికి వదిలిన కొన్నాళ్లకే మళ్లీ చేరుతుంటే అది మామూలు గాలి కాకపోవచ్చు, లోపల పుడుతున్న హైడ్రోజన్ కావచ్చు. హైడ్రోజన్ మండే వాయువు కాబట్టి దాన్ని బయటికి వదిలేటప్పుడు దగ్గర్లో నిప్పు ఉండకూడదు.

పాత బాయిలర్లలో నీటి దారులు వెడల్పుగా ఉండేవి, కొంత మడ్డిని ఓర్చుకునేవి. ఇంగ్లండ్‌లో 2005 నుంచి కొత్తగా బిగించే గ్యాస్ బాయిలర్లు, కొన్ని మినహాయింపులు తప్ప, కండెన్సింగ్ రకానివే కావాలన్న నిబంధన వచ్చింది. పొగలో ఉన్న నీటి ఆవిరిని మళ్లీ నీరుగా మార్చి, ఆ వేడిని కూడా ఇవి రాబట్టుకుంటాయి. అందుకోసం వీటి ఉష్ణ వినిమాయకంలో దారులు సన్నగా ఉంటాయి. పైగా తిరిగొచ్చే నీళ్లు సుమారు 55 డిగ్రీల సెల్సియస్ కంటే చల్లగా ఉంటేనే ఆవిరి బాగా నీరవుతుంది. మడ్డి పట్టిన రేడియేటర్ గదికి వేడి సరిగా ఇవ్వదు, నీళ్లు వేడివేడిగానే వెనక్కి వస్తాయి. ఏ పొదుపు కోసం కొత్త బాయిలర్ కొన్నారో ఆ పొదుపే తగ్గిపోతుంది. పంపు సంగతి మరీ ముఖ్యం. ఇప్పటి విద్యుత్ ఆదా పంపుల రోటర్‌లో శాశ్వత అయస్కాంతం ఉంటుంది, మాగ్నెటైట్ అయస్కాంతానికి అతుక్కునే పదార్థం. ఇల్లంతా తిరిగే నల్ల పొడి వచ్చి చేరడానికి ఇంతకంటే అనువైన చోటు ఉండదు.

అందుకే వీలైన ప్రతిచోటా పాత బాయిలర్ పనిచేస్తుండగానే శుభ్రం చేయాలని నేను గట్టిగా చెబుతాను. వేడినీటిలో శుద్ధి రసాయనం బాగా పనిచేస్తుంది, కదిలిన మడ్డి కొత్త యంత్రంలోకి పోయే ప్రమాదం ఉండదు. పవర్ ఫ్లష్ యంత్రం తక్కువ పీడనంతో, ఎక్కువ వేగంతో నీళ్లను తిప్పుతుంది. పనివాళ్లు రేడియేటర్లను ఒక్కొక్కటిగా తెరిచి, దిశ మార్చి, రబ్బరు సుత్తితో తట్టి మడ్డిని కదిలిస్తారు. యంత్రంలోని అయస్కాంతం దాన్ని పట్టేస్తుంది. 8, 10 మిల్లీమీటర్ల సన్నగొట్టాలున్న ఇళ్లలో ఇది ఓపికతో చేయాల్సిన పని, కొన్ని గొట్టాలు అప్పటికే పూర్తిగా పూడిపోయి ఉంటాయి. మరీ తుప్పుపట్టిన రేడియేటర్‌లో చిల్లిని మడ్డే మూసి ఉంచితే, శుభ్రం చేశాక అది కారుతుంది. దానికి భయపడి మడ్డిని వదిలేయడం తప్పు, ఆ రేడియేటర్‌ను మార్చాలి.

శుభ్రమైందని కంటితో చూసి తేల్చడం చాలదు. వేసిన రసాయనం కూడా మొత్తం పోవాలి, లేకపోతే అదే లోహాన్ని తింటుంది. బ్రిటిష్ ప్రమాణం బీఎస్ 7593 ప్రకారం, బయటికొచ్చే నీటిలో కరిగి ఉన్న లవణాల కొలత కుళాయి నీటి కొలతకు 10 శాతం లోపు తేడాతో ఉండేదాకా కడగాలి. చేతిలో ఇమిడే మీటరుతో నిమిషంలో తేలిపోయే విషయమిది, మీ ఎదుటే కొలవమని అడగండి. తర్వాత తుప్పును నిరోధించే రసాయనం, అంటే ఇన్హిబిటర్, వేయాలి. తిరిగొచ్చే గొట్టానికి అయస్కాంత ఫిల్టర్ బిగిస్తే మిగిలిన పొడి అందులో చిక్కుతుంది. ఫిల్టర్ ఉంటే కడగనక్కర్లేదని ఎవరైనా అంటే నమ్మకండి. రేడియేటర్ అడుగున గట్టిపడిన మడ్డి తనంతట తాను నడిచొచ్చి ఫిల్టర్‌లో పడదు.

లండన్, ఆగ్నేయ ఇంగ్లండ్ ప్రాంతాల్లో కఠినజలం కాబట్టి సున్నపు పెచ్చు బెడద కూడా ఉంది. ఆ పెచ్చుగా మారే కాల్షియం కార్బొనేట్ నీళ్లు వేడెక్కేకొద్దీ తక్కువ కరుగుతుంది, అందుకే అత్యంత వేడిగా ఉండే బాయిలర్ గోడకే అంటుకుంటుంది. ఆ పొర కింద లోహం అతిగా కాగి, నీళ్లు అక్కడక్కడా మరిగి కెటిల్‌లో వినిపించేలాంటి చప్పుడు వస్తుంది. లోక్ కాట్రిన్ సరస్సు నుంచి మృదుజలం అందుకునే గ్లాస్గోలో ఈ బాధ చాలా తక్కువ.

బ్రిటన్‌లో స్థిరపడి పాత ఇళ్లు కొనుక్కుంటున్న మన తెలుగు కుటుంబాలు బాయిలర్ మార్పిడికి ధరలు అడిగేటప్పుడు ‘ఫ్లష్’ అన్న ఒక్క మాటతో సరిపెట్టుకోకూడదు. ఉత్త కుళాయి నీళ్లతో కడుగుతారా, రసాయనంతోనా, యంత్రంతోనా అన్నది కాగితం మీద రాయించుకోవాలి. మడ్డి వల్ల చెడిన భాగాలకు తయారీదారులు సాధారణంగా వారంటీ ఇవ్వరు. గ్యాస్ పని మాత్రం గ్యాస్ సేఫ్ రిజిస్టర్‌లో ఉన్నవారే చేయాలి. ఏటా సర్వీసింగ్‌కు వచ్చినప్పుడు ఫిల్టర్ కడిగించి, ఇన్హిబిటర్ బలం పరీక్షింపజేయాలి. ఈ మధ్యలో పీడనం చూపే ముల్లు తరచూ పడిపోతుంటే నీళ్లు నింపి ఊరుకోకూడదు. నింపిన ప్రతిసారీ తాజా ఆక్సిజన్ లోపలికి వెళుతుంది, వేసిన మందు పలచబడుతుంది. నీళ్లు ఎక్కడ కారుతున్నాయో వెతికి ముందు దాన్ని మూయించాలి.