సోలెడు అంటే ఎన్ని గ్రాములు?

వంటలను గురించిన ప్రసంగం ఏది ప్రసారమైనా గృహిణులు తప్పక అడిగే ప్రశ్న ఒకటి కలదు: “సోలెడు పిండి అన్నారు, అది ఎన్ని గ్రాములు?” ప్రశ్న చిన్నదే కాని ఒక్క సంఖ్యతో సమాధానం చెప్పడానికి వీలులేదు. సోల చోటును కొలుస్తుంది. త్రాసు బరువును తూస్తుంది. ఒకదానినుండి మరొకదానికి పోయే లెక్క ప్రతి పదార్థానికీ వేరు.

మన పెద్దలు వంటయింట కొలతనే నమ్మేవారు. నాలుగు గిద్దలు సోల, రెండు సోలలు తవ్వ, రెండు తవ్వలు మానిక, నాలుగు మానికలు కుంచం. ఈ కుంచమైనా అన్ని ఊళ్ళలో ఒక్కటి కాదు. బెల్లం, చింతపండు వంటివి వీశెల లెక్కన తూచి కొనేవారు. వీశె అంటే 120 తులాలు, అనగా ఇంచుమించు 1 కిలో 400 గ్రాములు. 1956లో తూనికల, కొలతల ప్రమాణాల చట్టం వచ్చినది. 1958 అక్టోబరు నుండి మెట్రిక్ తూనికలు అంచెలంచెలుగా అమలైనవి. అంగడి కిలోలకు మారినది. వంటయిల్లు మాత్రం గ్లాసును, గిన్నెను విడువలేదు. చిక్కంతా ఇక్కడనే ఉన్నది.

200 మిల్లీలీటర్లు పట్టే గ్లాసును తీసుకొందాము. అందులో నీరు 200 గ్రాములు తూగుతుంది. నూనె సుమారు 180, బియ్యం సుమారు 170, మెత్తని ఉప్పు సుమారు 240 గ్రాములు. గోధుమపిండి జల్లించి పోస్తే 100 గ్రాములకు అటూ ఇటూ. అదే గ్లాసును తట్టి తట్టి నింపితే మరింత బరువు. గ్లాసు అదే, పదార్థపు సాంద్రత వేరు, రేణువుల నడుమ చిక్కుకొన్న గాలి వేరు. లీటరు నూనె పొట్లం మీద 910 గ్రాములని ఉండటంలో మోసమేమీ లేదు.

ఈ లెక్కనే మన విశాఖ రేవులో పెద్ద ఎత్తున చేస్తారు. ఇనుప ఖనిజం నింపిన ఓడను ఏ కాటామీదా పెట్టలేము గదా! ఓడ పక్కన ఉన్న లోతు గుర్తులను చూసి, సరకు ఎక్కక ముందు ఎంత మునిగినదో, ఎక్కిన తరువాత ఎంత మునిగినదో గుర్తిస్తారు. దానివల్ల ఓడ తొలగించిన నీటి పరిమాణం తెలుస్తుంది. దానిని ఆ నీటి సాంద్రతతో గుణించి, ఓడలోని ఇంధనం, నీరు వంటివాటి బరువును తీసివేస్తే సరకు బరువు తేలుతుంది. లీటరు మంచినీరు కిలో తూగితే, సముద్రపు నీరు సుమారు 1,025 గ్రాములు తూగుతుంది. అందుచేత రేవు నీటి సాంద్రతను కూడా పరీక్షించి చూస్తారు.

వంటయింట ఈ జాగ్రత్త లోపిస్తే ఏడాది ఆవకాయకే ముప్పు. మా యింట ఒక వేసవిలో అదే జరిగినది. నాలుగు సోలల ముక్కలకు సోలెడు ఆవపిండి, సోలెడు కారం, ముప్పాతిక సోల ఉప్పు అన్నది మా అమ్మగారి లెక్క. ఆమె కొలిచినది కల్లుప్పు. ఆ యేడు మేము కొలిచినది పొట్లంలోని మెత్తని ఉప్పు. పెద్ద పలుకుల నడుమ ఉండే ఖాళీ మెత్తని ఉప్పులో ఉండదు. జాడీ అంతా ఉప్పు కషాయమైనది. పోనీ అని ఉప్పు అడ్డదిడ్డంగా తగ్గిస్తే పచ్చడి బూజు పట్టే ప్రమాదమున్నది.

దీనికి ఉపాయం సులభం. మీ యింటి సోలను ఖాళీగా ఒకసారి, నిండా నీటితో ఒకసారి తూచండి. తేడా ఎన్ని గ్రాములో సోల అన్ని మిల్లీలీటర్లు పడుతుంది. తరువాత మీరు వాడే బియ్యం, పప్పు, పిండి, ఉప్పు ఒక్కొక్కటే అంచుకు సమంగా నింపి, మూడేసి సార్లు తూచి, సగటును ఒక పుస్తకంలో వ్రాసుకొనండి. ఇతరుల పట్టికకన్న అది మీకు ఎక్కువ ఉపయోగం.

చారెడు, పిడికెడు అని చెప్పే పెద్దలు ఇంట ఉంటే, వారు వేసేదానిని ముందు ఒక గిన్నెలో పట్టి తూచండి. పాత సోల పోతే మరొకటి దొరకవచ్చును. ఆ చేతి కొలత మరల దొరకదు.